ఆరు నెలలకు ఒక అపర బ్రహ్మ కావలెను

జీనోమిక్స్ (జన్యువులన్నిటినీ కలిపి చదివే శాస్త్రం) ప్రాజెక్టులకు రీసెర్చ్ అసోసియేట్లు (ఆర్ఏలు) కావాలంటూ వచ్చే ప్రకటనల్లో ‘వాంఛనీయ అర్హతలు’ అనే గడి ఒకటుంటుంది. మన కల్పనా సాహిత్యం ఇప్పుడు అక్కడే వర్ధిల్లుతోంది. పైథాన్, ఆర్ ప్రోగ్రామింగ్, లినక్స్ రావాలి. మెషీన్ లెర్నింగ్ రావాలి. లైబ్రరీ ప్రిపరేషన్, అంటే జన్యు అక్షరాలు చదివే సీక్వెన్సింగ్ యంత్రానికి శాంపిల్‌ను సిద్ధం చేసే పని, సొంతంగా చేసుకోవాలి, సర్వరూ చూసుకోవాలి. ఇంత చేసే మహానుభావుడికి పదవీకాలం ఆరు నెలలు. పొడిగింపు ‘పనితీరును బట్టి’.

జీతానికేం, 2023 జూన్‌లో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ (డీఎస్‌టీ) సవరించాక మొదటి మెట్టు ఆర్ఏ-1కు నెలకు 58,000, పైన హెచ్ఆర్ఏ. ఖాతాలో ఎప్పుడు పడుతుందన్నది గ్రాంటు విడుదలను బట్టి, విడుదల పాత డబ్బుకు ఖర్చు లెక్క చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్‌ను బట్టి, సర్టిఫికెట్ అకౌంట్స్ సెక్షన్ దయను బట్టి.

చేరిన రోజు వేడుక చూసి తీరాలి. ప్రాజెక్టు పెద్ద సారుగారు సొరుగులోంచి హార్డ్‌డిస్కు తీసి ప్రసాదంలా రెండు చేతులా అందిస్తారు. ‘డేటా అంతా వచ్చేసిందమ్మా, అనాలిసిస్ ఒక్కటే మిగిలింది. రెండు వారాల పని.’ రెండో కాపీ? లేదు. ఆర్ఎన్ఏ రీడ్స్‌ని (యంత్రం చదివిన ముక్కల్ని) స్టార్ అనే సాఫ్ట్‌వేర్‌తో అలైన్ చేయాలంటే, అంటే జీనోమ్‌లో వాటి చోట్లు వెతకాలంటే, మానవ జీనోమ్‌కు సుమారు 30 జీబీ ర్యామ్ కావాలి. ల్యాబ్‌లో ఉన్నది 16. జన్యు తేడాలు రాసే ఫైలు (వీసీఎఫ్) ఒకటి మానవ జీనోమ్ పాత నమూనా హెచ్‌జీ19 మీద, ఇంకొకటి కొత్త నమూనా హెచ్‌జీ38 మీద. ఒక ఫైల్లో క్రోమోజోము పేరు ‘సీహెచ్ఆర్1’, పక్క ఫైల్లో ఉత్త ‘1’. రెండూ కలిపితే ఎర్రర్ రాదు, ఫలితం సున్నా వస్తుంది. సారు తీర్పు: ‘నీ కోడ్‌లోనే ఏదో ఉంది.’ ఇక జన్యువుల జాబితా తెరిస్తే అందులో సెప్టెంబరు 2 అనే జన్యువు దర్శనమిస్తుంది. పాపం అది సెప్ట్2. ఎక్సెల్ తేదీ చేసేసింది. పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీయే 2020 నాటికి ఎక్సెల్‌కు దండం పెట్టి, దాన్ని సెప్టిన్2గా మార్చేసింది. మన ల్యాబ్‌లో మాత్రం పాత షీటే వేదం.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. రోగుల శాంపిళ్లన్నీ మార్చిలో ఒక కిట్‌తో, ఆరోగ్యవంతులవన్నీ నవంబరులో ఇంకో కిట్‌తో సీక్వెన్స్ చేయిస్తారు చూశారూ, అక్కడ నవ్వు రాదు. కనిపించే తేడా జబ్బుదా, కిట్‌దా? బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. బ్యాచ్ తేడాలు చెరిపే కాంబాట్ అనే ప్రోగ్రాము నడిపితే కిట్ తేడాతోపాటు జబ్బు తేడా కూడా కొట్టుకుపోతుంది. రెండు గుంపుల్నీ ముందే కలగలిపి ఒకే ప్లేటులో, ఒకే రన్‌లో వేసుంటే సరిపోయేది. దానికి అదనంగా అయ్యే ఖర్చు ఒక గంట ఆలోచన. తమ రక్తం ఎవరికో పనికొస్తుందని నమ్మి చెయ్యి చాపిన రోగులకు మీరిచ్చే మర్యాద ఇదా? పైగా శాంపిళ్ల పోలికల్ని చుక్కలుగా చూపే పీసీఏ బొమ్మలో రెండు గుంపులు విడిపోగానే ‘రిజల్ట్ వచ్చేసింది’ అని పేపరు రాయడానికి కూర్చుంటారు. అది రిజల్ట్ కాదు మహాప్రభో, కిట్ కంపెనీ పేరు! ఆ మాట అన్న ఆర్ఏకి పొడిగింపు ఉండదు.

కాబట్టి ఇంటర్వ్యూకు వెళ్లేవారు ఎదురు ప్రశ్నలు మూడు పట్టుకెళ్లండి: శాంపిళ్లు ఏ బ్యాచ్‌లో ఎలా వేశారు? ర్యామ్ ఎంత? పేపర్లో నా పేరు ఎన్నోది? ప్యానెల్ మొహం చిట్లిస్తే లేచి వచ్చేయండి. టీఏ ఎలాగూ ఇవ్వరు.