యూనిటీ శాండ్ గారికి, పెళ్లికూతురి మేనమామ రాయునది ఏమనగా

అయ్యా కలర్ ఇసక గారూ, ఇక్కడ డాలస్‌లో మేమంతా క్షేమం, మీరూ ఆ క్రాఫ్ట్ షాపు ప్యాకెట్లో క్షేమమని తలుస్తాను. మా చెల్లెలి కూతురి పెళ్లిలో సాయంత్రం జరిగే అమెరికన్ తంతుకి, అదే ఇద్దరూ చెరో రంగు ఇసక ఒకే సీసాలో పోసేదానికి, మిమ్మల్నే సెలెక్ట్ చేశారు, కంగ్రాట్స్.

పోటీ మామూలుగా లేదు. పెళ్లికొడుకు వాళ్లమ్మ (ఒహాయో ఆవిడ) యూనిటీ క్యాండిల్ అడిగింది, అమ్మలిద్దరూ చెరో సన్న కొవ్వొత్తి వెలిగిస్తే పిల్లలు వాటితో మధ్యలో లావుపాటిది వెలిగిస్తారట, బాగానే ఉంది గానీ టెక్సస్ గాలికి లాన్‌లో అది నిలబడేనా, పైగా వెన్యూ వాళ్లు మంట అంటేనే ఉలిక్కిపడతారు, హోమానికి పర్మిషన్ తెచ్చేసరికే మా బావ సగం అయిపోయాడు. తర్వాత హ్యాండ్‌ఫాస్టింగ్, స్కాట్లాండ్ వైపు పాత పద్ధతి, ఇద్దరి చేతులకీ తాడు చుట్టి ముడేస్తారు. మా అమ్మ విని "పొద్దున కొంగుముడి వేశాక సాయంత్రం మళ్లీ తాడెందుకే, పారిపోతాడా?" అంది, అంతే, క్యాన్సిల్. వైన్ బాటిల్, ఉత్తరాలు పెట్టెలో పెట్టి మేకులు కొట్టేసి మొదటి పెద్ద గొడవప్పుడు తెరిచేది కూడా ఒకటుంది, నాకు అదే నచ్చింది, గొడవైతే గ్యారంటీ కదా, కానీ బుట్ట మొయ్యడానికి తప్ప మేనమామనెవడు అడుగుతాడు.

సరే మీ సంగతికొద్దాం. రెండు రంగులు ఒకే సీసాలో పోశాక రేణువుల్ని మళ్లీ విడదీయలేం, పెళ్లీ అంతే, ఇదీ మీ డైలాగ్. మరి రిహార్సల్లో ప్లానరమ్మ "స్లోగా, ఒకళ్ల తర్వాత ఒకళ్లు పొయ్యండి, కలిస్తే లేయర్స్ పోతాయి, ఫొటోలో బురదలా ఉంటుంది" అని ఒకటే గోలేంటండీ? కలుస్తారనేగా మిమ్మల్ని కొన్నది! పైగా మూతదాకా నింపి మైనంతో సీలెయ్యాలట, కదిపితే ఎక్కడ కలిసిపోతారోనని.

అదే మా జీలకర్ర బెల్లం, నూరాక ఏది ఏదో దాన్ని నూరినావిడే చెప్పలేదు. ముహూర్తానికి తమలపాకులో పెట్టి ఒకళ్ల నెత్తిన ఒకళ్లు అద్దుకుంటారు, లేయర్ లేదు షోకేసు లేదు, సాయంత్రానికి షాంపూతో పోతుంది. గొప్పలు పోవట్లేదు లెండి, ఆ టైంలో మావాళ్లకి కనిపించేది ఫొటోగ్రాఫర్ వీపే, సగంమంది అప్పటికే భోజనాల లైన్లో ఉంటారు.

ఇంతకీ మీకు లేత నీలం, గులాబీ ఖాయమయ్యాయి, టేబుల్ క్లాత్‌కి మ్యాచింగట. శనివారం నాలుగింటికి రెడీగా ఉండండి. తిరిగి ఇంటికి సీసా నా కార్లోనే వస్తుంది, దారంతా స్పీడ్ బ్రేకర్లు, బండి తోలేది నేనే.

ఇట్లు,
మేనమామ