ఏడో వరుస గారికి ఒక కొర్రల కస్టమర్ రాసుకున్న లేఖ

మహారాజశ్రీ సూపర్ మార్కెట్ ఏడో నంబరు వరుస గారి సముఖమునకు,

నెల్లూరు వేదాయపాళెం నుంచి తమ పాత కస్టమర్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, నా పర్సు ఒక్కటే కొంచెం నలతగా ఉంది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం తమ దర్శనం చేసుకున్నాను. మా అమ్మకి షుగరు. రాత్రిపూట అన్నం మానేసి కొర్రలు తింటానంది. 'ఆరోగ్యం' అని ఆకుపచ్చ బోర్డు పెట్టుకున్నది తమరే కాబట్టి నేరుగా తమ దగ్గరికే వచ్చాను. సరిగ్గా కంటికి ఎదురుగా 'ఫాక్స్‌టైల్ మిల్లెట్' అని, అంటే కొర్రలే, అట్టపెట్టెలు. అరకిలో 84 రూపాయలు. పెట్టె మీద ఒకమ్మాయి ఆసనం వేసి కళ్లు మూసుకుని ఉంది. రేటు చూడకుండా మూసుకుందని నాకు తర్వాత అర్థమైంది. రెండు పెట్టెలు ట్రాలీలో వేసుకున్నాను.

బిల్లు కట్టి కవర్లో సర్దుకుంటుంటే, నా వెనకున్న పెద్దావిడ బుట్టలో ఒక సాదా ప్లాస్టిక్ ప్యాకెట్ కనబడింది. కొర్రలు, 1 కిలో, 92 రూపాయలు.

"ఏందమ్మా, ఇది ఎక్కడ దొరికింది మీకు?"

"మూడో వరుసలో నాయనా, రవ్వల కింద అరలో. బాగా వంగి చూడాల."

చూశాను. అటుకులకీ ఇడ్లీ రవ్వకీ కింద, నేలకి జానెడు ఎత్తులో ఉన్నాయి. అక్కడే గొంతుక్కూర్చుని ఒక చేతిలో తమ పెట్టె, ఇంకో చేతిలో ఆ ప్యాకెట్ పట్టుకుని వెనకవైపు సన్నక్షరాలు చదివాను. ప్యాక్ చేసినవాళ్ల చిరునామా రెండింటిమీదా ఒకటే. అంటే ఒకే మిల్లు నుంచి, బహుశా ఒకే లారీలో వచ్చిన అక్కచెల్లెళ్లు. ఒకతి మూడో వరుసలో నేలమీద, ఒకతి ఏడో వరుసలో లైటు కింద. పేరు మార్చుకున్నందుకు కిలోకి 76 రూపాయలు.

ఇక్కడ తమ తెలివికి దండం పెట్టాలి. ప్యాకెట్ మీద యూనిట్ ధర, అంటే గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో, అది కూడా వేయాలని నిబంధన ఉంది. జనం పోల్చి చూసుకోవడానికే అది. కానీ కిలోలోపు ప్యాకెట్‌కి గ్రాము లెక్కన వేయాలట. అందుకని తమ అరకిలో పెట్టె మీద 'గ్రాముకి రూ.0.17' అని ఉంది. మూడో వరుస కిలో ప్యాకెట్ మీద 92 అని ఉంది. 0.17 ఎక్కడ, 92 ఎక్కడ? నాలాంటివాడు పైపైన చూస్తే తమరే చవక! ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి వెయ్యితో గుణిస్తే తప్ప 170 బయటపడదు. కొర్రలు కొనడానికి వచ్చినవాడు ట్రాలీ అడ్డం పెట్టుకుని లెక్కలు చేస్తుంటే, వెనకాల వాళ్లు "కొంచెం జరగండి సార్" అంటూనే ఉన్నారు.

వెనక్కి తీసుకోమని అడిగితే కౌంటర్‌లో కుర్రాడు "బిల్ అయిపోయింది సార్, మేనేజర్ రావాల" అన్నాడు. మేనేజర్ భోజనానికి వెళ్లాడట. ముప్పావు గంట నిలబడ్డాను. ఆయన ఏం తింటున్నాడో గానీ కొర్రన్నం మాత్రం కాదు.

వేరేవాళ్ల సంగతులు కూడా నాకు తెలుసు. కొబ్బరినూనె వంటనూనెల వరుసలో ఒక రేటు, తలనూనెల వరుసలో ఒక రేటు. అది తినేదా, తలకి రాసుకునేదా అని తేల్చడానికి 2024 డిసెంబరులో సుప్రీంకోర్టే తీర్పు చెప్పాల్సి వచ్చింది. దూది మందుల అరలో ఒక ధర, వత్తులై పూజ సామాన్ల అరలో చేరితే ఇంకో ధర. 25 కిలోల దాకా బియ్యం బస్తాకి పన్ను అనగానే 26 కిలోల బస్తా పుట్టింది. అది నా పక్షాన పుట్టిన తెలివి కాబట్టి దాన్ని ఏమీ అనను.

నా మంటంతా కొర్రల మీదే.

ఎందుకంటే వినండి. మా అమ్మమ్మది కనిగిరి దగ్గర మెట్ట ఊరు. వాళ్లింట్లో కొర్రన్నమే రోజూ. వరన్నం పండక్కి, లేదంటే అల్లుడొస్తే. మా అమ్మ చిన్నప్పుడు బళ్లో కొర్రన్నం క్యారియర్ మూత తీయడానికి సిగ్గుపడి గోడవైపు తిరిగి తినేదట. పేదవాళ్ల తిండని ఎగతాళి చేసి, వదిలించి, తెల్లన్నం అలవాటు చేశారు. అది తిని తిని షుగరొచ్చింది. ఇప్పుడు అవే కొర్రలకి ఇంగ్లీషు పేరు పెట్టి, అట్టపెట్టెలో కూర్చోబెట్టి, ఎవరైతే సిగ్గుపడిందో ఆమెకే దాదాపు రెట్టింపు రేటుకి అమ్ముతావా? ఏంది నీ ధైర్యం? నీ బోర్డు మీద ఆరోగ్యం అని కాదు, 'వంగలేనివాళ్లకి' అని రాసుకో!

తమరు అనాల్సిన చోట నువ్వు అన్నాను. అననీ.

మళ్లీ రానని ఒట్టు పెట్టుకుందామనుకున్నాను. స్టోన్‌హౌస్‌పేట కొట్లో అయితే గోనెసంచిలో చెయ్యిపెట్టి, గింజ నోట్లో వేసుకుని చూసి కొనొచ్చు. కానీ రోహిణి కార్తె ఎండలో అంతదూరం బండి మీద పోయే ఓపిక లేదు, నీ దగ్గర ఏసీ ఉంది. అది నీకూ తెలుసు. అందుకే ఆ పొగరు.

ఇంటికొచ్చాక ఆ కిలో ప్యాకెట్ కూడా (పంతం కొద్దీ కొన్నానులే) అమ్మ ముందు పెట్టాను. రెండు పళ్లేల్లో పోసి, కళ్లద్దాలు పెట్టుకుని, వేళ్లతో గింజలు కదిపి చూసింది. ఏది ఎక్కువ రేటుదో చెప్పమన్నాను. "ఏందిరా నీ పరీక్షలు" అని రెండూ కలిపి ఒకే డబ్బాలో పోసేసి మూత పెట్టింది.

కాబట్టి ఏడో వరుసా, డబ్బా మా వంటింట్లో ఉంది. వచ్చి నీ కిలో గింజలు ఏరుకుని పట్టుకుపో. వచ్చేటప్పుడు 168 రూపాయలు తీసుకురా. క్యారీ బ్యాగ్‌కి తీసుకున్న పది రూపాయలు కూడా.

ఇట్లు,
మూడో వరుసలో నడుం పట్టేసిన
తమ కస్టమర్