ముందు బోర్డు, తర్వాత బైండింగ్

నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి చెన్నై వెళ్లి ఎమ్మెస్సీ గణితం చదివే మన పిల్లలకు చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు ఉంటుంది. చాలాచోట్ల వరస ఒకటే: ముందు అట్ట వేయించి, బంగారు అక్షరాలు కొట్టించి సబ్మిట్ చేయాలి, ఆ తర్వాత వైవా (మౌఖిక పరీక్ష). ఈ వరస తిరగేయాలి. గణితంలో తప్పు బయటపడేది నిరూపణను నల్లబోర్డు మీద రాసి చెప్పేటప్పుడే. అప్పటికి బైండింగ్ అయిపోయి ఉంటుంది.

బెర్‌ట్రాండ్ ప్రతిపాదననే చూడండి. ఎన్ విలువ 1 కంటే పెద్దదైతే ఎన్‌కూ 2ఎన్‌కూ మధ్య ఒక ప్రధాన సంఖ్య తప్పక ఉంటుంది. దీనికి రామానుజన్ 1919లో రెండు పేజీల్లో నిరూపణ ఇచ్చారు. పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది ఎర్డోష్ 1932 నాటి నిరూపణ. అందులో ఒక మెట్టు: 2ఎన్/3 కంటే పెద్దదై, ఎన్‌ను దాటని ప్రధాన సంఖ్య పీ ఏదీ 2ఎన్‌సీఎన్‌ను (2ఎన్ ఫాక్టోరియల్‌ను ఎన్ ఫాక్టోరియల్‌తో రెండుసార్లు భాగిస్తే వచ్చే సంఖ్యను) భాగించదు. పైన 2ఎన్ ఫాక్టోరియల్‌లో పీ, 2పీ రూపంలో రెండుసార్లు వస్తుంది, కింద రెండు ఎన్ ఫాక్టోరియల్‌లలో ఒక్కోసారి చొప్పున కూడా రెండుసార్లే, కాబట్టి కొట్టుకుపోతుంది. స్లైడ్ మీద ఇది రెండు లైన్లు, ఎవరూ ఆగరు. బోర్డు మీద ఎన్ = 2 వేయించండి. 4సీ2 అంటే 6. పీ = 2 ఆ హద్దుల్లోనే ఉంది, 6ను భాగిస్తోంది కూడా! ఎందుకంటే 2పీ ఇక్కడ 4, అందులోనే 2 రెండుసార్లు ఉంది. 'ఎన్ కనీసం 3' అన్న షరతు లేకపోతే ఆ మెట్టు నిలవదు. చివర్లో చిన్న ఎన్‌ల సంగతీ ఇంతే. ఈ నిరూపణ ఆధారపడే అసమానత పెద్ద ఎన్‌లకే పనిచేస్తుంది. 4000 లోపు వాటికి 2, 3, 5, 7, 13, 23, 43 ఇలా 4001 దాకా, ముందుదానికి రెట్టింపు కంటే తక్కువగా ఉండే ప్రధాన సంఖ్యల వరస రాసి చూపాలి. ఆ వరస వదిలేస్తే నిరూపణ సగమే.

ఇరవై నిమిషాలిస్తే ఐదు నిమిషాలు సిద్ధాంతం, ఉదాహరణ, పది నిమిషాలు సుద్దముక్కతో ఒక్క నిరూపణ, మిగతావి ప్రశ్నలకు. స్లైడ్లు బొమ్మలకూ పట్టికలకూ చాలు.

కాపీ శాతం భయం ఇంకో చిక్కు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల్లో 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు, ప్రామాణిక సంకేతాలకూ సమీకరణాలకూ మినహాయింపు ఉంది. అయినా శాతం తగ్గించాలని నిర్వచనాల్లో మాటలు అటూ ఇటూ మారుస్తారు. ఉదాహరణకు, అవధి నిర్వచనంలో 'ప్రతి ఎప్సిలాన్‌కూ ఒక డెల్టా' అన్నది 'ప్రతి ఎప్సిలాన్‌కూ సరిపోయే ఒకే డెల్టా' అయిందంటే అర్థమే పోయింది. నిర్వచనాన్ని ఉన్నదున్నట్టు రాసి, ఎక్కడి నుంచి తీసుకున్నారో చెప్పడమే మంచిది.

బయటి పరీక్షకులు ఒక్కసారే వస్తారు కదా అంటారు. నిజమే. వారి వైవాను కదపక్కర్లేదు. సబ్మిషన్‌కు పది రోజుల ముందు డిపార్ట్‌మెంట్‌లోనే ఇద్దరు అధ్యాపకుల ఎదుట బోర్డు మీద చెప్పిస్తే చాలు. వచ్చిన ప్రశ్న, పేజీ నంబరు, చేసిన దిద్దుబాటు ఒక కాగితం మీద రాయించి గైడ్ సంతకం పెట్టాలి. ఆ తర్వాతే లేటెక్ (గణితం టైప్ చేసే సాఫ్ట్‌వేర్) ఫైలును కనీసం రెండుసార్లు కంపైల్ చేసి, రిఫరెన్సుల దగ్గర ప్రశ్నార్థకాలేమైనా మిగిలాయేమో చూసుకుని, పీడీఎఫ్ ప్రింటుకు ఇవ్వాలి.