నియమావళి గారికి వందనాలు

ప్రభువునందు ప్రియమైన ఉపాధ్యాయ ప్రవర్తనా నియమావళి గారికి,

హైస్కూలు లెక్కల టీచరు వందనాలతో రాయునది. మేమిక్కడ క్షేమం. మీరు క్షేమమేనని శనివారం కళ్ళారా చూశాను. కొత్తగా లామినేషన్ చేయించుకుని, కరస్పాండెంట్ అయ్యగారి బల్ల మీద ఏసీ చల్లదనంలో వెల్లకిలా పడుకుని ఉన్నారు. బయట వరండాలో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో 12:40 నుంచి 4:15 దాకా కూర్చున్నది నేనే. ఒంటిపూట కదా, మధ్యాహ్నానికి ఇంటికెళ్ళి పెసరట్లు పోద్దామని పొద్దున్నే పెసలు నానబోసి వచ్చాను. వెళ్ళేసరికి వాటికి మొలకలు రావడం ఒక్కటే తక్కువ.

నా నేరం వాట్సాప్ స్టేటస్. మా పిన్ని కొడుకు పెళ్ళి, ఊరేగింపు, బ్యాండు మేళం, 30 సెకన్ల వీడియో. అందులో నేను చెయ్యెత్తి రెండు స్టెప్పులు వేశాను. వెనకాల మా బాబాయి స్టీలు గ్లాసుతో నిలబడి ఉన్నాడు. ఆ గ్లాసులో ఏముందో ఆయనకీ గ్లాసుకీ తెలియాలి. అయ్యగారు వీడియోని ఆపి ఆపి, వేళ్ళతో పెద్దది చేసి, మూడుసార్లు చూశారు. నా స్టెప్పులు ఇంత శ్రద్ధగా మా ఆయన కూడా ఎప్పుడూ చూడలేదు. తర్వాత మిమ్మల్ని నా వైపు తిప్పి, "క్లాజు 11, పైకి చదవండమ్మా" అన్నారు.

చదివాను. "ఉపాధ్యాయిని పాఠశాల లోపలను వెలుపలను తన సాక్ష్యము చెడకుండ నడుచుకొనవలెను."

సాక్ష్యం. మనవాళ్ళకు ఈ మాట వివరించక్కర్లేదు. కోర్టులో బోనెక్కి చెప్పేది కాదు, మనిషి నడత చూసి నలుగురూ చెప్పుకునేది. నా సాక్ష్యం ఆ 30 సెకన్లలో చెడిపోయిందట. క్షమాపణ పత్రం రాయించుకున్నారు. రాశాను. మా రెండోవాడికి మీ బళ్ళోనే సగం ఫీజు రాయితీ ఉంది. నా బీఈడీ ఒరిజినల్స్ మీ బీరువాలోనే ఉన్నాయి. రాయక ఏం చేస్తాను?

మీలోని మిగతా క్లాజుల మీద నాకు పెద్ద పేచీ లేదండీ. జాకెట్టు చేతులు మోచేతి దాకా ఉండాలన్నారు, ఏప్రిల్ ఎండలో గుమ్మం గుమ్మం ఎక్కి అడ్మిషన్ల కోసం తిరిగేటప్పుడు కూడా అలాగే ఉన్నాయి. సినిమా హాలుకి వెళ్ళకూడదన్నారు, సినిమాయే ఫోన్లోకి వస్తోంది. ప్రతి జూన్‌లో సంఘ కాపరి దగ్గర నుంచి మంచి నడవడి ఉత్తరం తేవాలన్నారు, 14 ఏళ్ళుగా తెస్తున్నాను. త్రికోణమితి చెప్పడానికి పాదిరిగారి ఉత్తరం ఎందుకని ఒక్కనాడూ అడగలేదు.

మీ బంధువర్గమూ నాకు తెలుసు. బీఈడీలో నా పక్క బెంచీలో కూర్చున్న అమ్మాయి రోడ్డు అవతలి ట్రస్టు బళ్ళో చేస్తోంది. అక్కడ మీ పెద్దనాన్న కొడుకు ఉన్నాడు. బొట్టు లేకపోతే మెమో, క్యారియర్‌లో కోడిగుడ్డు కనిపిస్తే మెమో. మా కింద వాటాలో ఉండే సైన్సు సారు పనిచేసే మూడో బళ్ళో ఇంకొకాయన ఉన్నారు. అక్కడ టీచరమ్మ ఎవరితో స్కూటర్ దిగిందో గేటు దగ్గరే రాసుకుంటారు. దేవుళ్ళు వేరైనా మీ పోలికలు మాత్రం ఒక్కటే.

సరే, అసలు విషయానికి వస్తాను. మీలో క్లాజు 2 ఉంది, గుర్తుందా? "ఉపాధ్యాయిని మాటయందును వ్రాతయందును సత్యము పలుకవలెను."

శనివారం క్షమాపణ పత్రం మీద సంతకం అయ్యాక, అయ్యగారు ఆ నీలం పెన్ను నా చేతిలోంచి తీసుకోలేదు. "ఎలాగూ వచ్చారు, ఇది కూడా చేసి వెళ్ళండి" అని సొరుగులోంచి జీతాల రిజిస్టరు తీశారు. నా పేరు ఎదురుగా 28,000. రెవెన్యూ స్టాంపు మీద సంతకం. బ్యాంకులో పడేది కూడా 28,000 లెండి, ఇప్పుడంతా పద్ధతిగా ఉంది. పడిన మూడు రోజుల్లో అందులో 12,500 డ్రా చేసి, నోట్లుగా ఆఫీసులో ఇవ్వాలి. చేతికి ఇస్తే ఊరుకోరు. కవర్లో పెట్టాలి. ఆ కవరు మీద ఏం అచ్చేసి ఉంటుందో మీకు తెలుసా? ఒకే బీరువాలో ఉంటారు, తెలిసే ఉంటుంది. "కృతజ్ఞతార్పణ."

నా జీతంలో కోసుకున్నదాన్ని నేను కృతజ్ఞతతో దేవుడికి సమర్పించుకుంటున్నానన్నమాట, నెలనెలా.

ఇక్కడితో అయిపోలేదు. క్లాజు 15 ప్రకారం నేను దశమభాగం క్రమంగా చెల్లించే సభ్యురాలినై ఉండాలి. అయ్యగారి తమ్ముడే మా సంఘ కాపరి. సంఘం పుస్తకం, బడి పుస్తకం ఒకే బీరువా. కాబట్టి దశమభాగం రిజిస్టరులో ఉన్న జీతం మీద కడతారు. 28,000కి 2,800. మా ఎనిమిదో తరగతి పిల్లలకు లెక్కగా ఇస్తే ఇలా ఉంటుంది: ఒక టీచరు 28,000 రూపాయలకు సంతకం చేసి, అందులో 12,500 తిరిగి ఇచ్చి, మిగిలిన దానిలో నుండి 2,800 దశమభాగముగా చెల్లించిన, ఆమె నిజముగా చెల్లించినది ఎన్నవ భాగము? వెనక బెంచీ వాళ్ళు కూడా చేసేస్తారు. 15,500లో 2,800. ఐదున్నరవ భాగం. దేవుడే పదోది చాలన్నాడు.

నియమావళి గారూ, కోర్టు భాషలో దొంగ సాక్ష్యం అని ఒకటి ఉంది. పది ఆజ్ఞల్లోనూ ఉంది. 14 ఏళ్ళు, ఏడాదికి 12 నెలలు. మొదట్లో రిజిస్టరు అంకెలు చిన్నవి, అబద్ధం మాత్రం ఇంతే. దాదాపు 168 సార్లు అదే బల్ల మీద నా చేత దొంగ సాక్ష్యం పెట్టించి, పెళ్ళి ఊరేగింపులో రెండు స్టెప్పులు వేస్తే సాక్ష్యం చెడిందంటారేమిటండీ? ఆ 168 సార్లలో ఒక్కసారైనా మీరు పక్కకు దొర్లి రిజిస్టరుకు అడ్డం పడ్డారా?

ఇదే మాట అయ్యగారితో కొంచెం మెత్తగా అన్నాను. ఆయన గోడ వైపు చూపించారు. ఫ్రేము కట్టించిన మైనారిటీ సర్టిఫికెట్ ఉంది. "రాజ్యాంగంలో ఆర్టికల్ 30 అమ్మా. మన సంస్థను మనం నడుపుకునే హక్కు." ఇంటికొచ్చి నిద్ర పట్టక ఫోన్లో చూశాను. హక్కు ఉంది, ఒప్పుకుంటాను, ఉండాలి కూడా. కానీ 1958లోనే కేరళ విద్యా బిల్లు విషయంలో సుప్రీంకోర్టు, నడుపుకునే హక్కులో అధ్వానంగా నడిపే హక్కు కలిసి లేదని చెప్పింది. మా అమ్మ పుట్టకముందు మాట. ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ చట్టంలోకి టీచర్లను తెస్తూ 2009లో సవరణ చేశారు, 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా. 2022లో సుప్రీంకోర్టు అదీ సరేనంది. మీ 23 క్లాజుల్లో గ్రాట్యుటీ మాట వెతికాను, కనిపించలేదు. యాజమాన్యం అనే పదం ఒక్కచోట ఉంది. "యాజమాన్యము వారి నిర్ణయమే తుది నిర్ణయము."

ఇక ఫిబ్రవరి సంగతి. ఇక్కడి నుంచి మీరు అనలేను, నువ్వు అనే అంటాను. ఏమీ అనుకోకు.

తెలుగు టీచరును పంపేశావు. ఆమె మొగుడి దగ్గర్నుంచి వచ్చేసి పుట్టింట్లో ఉంటూ విడాకుల కేసు వేసింది. "కుటుంబ జీవితమందు మాదిరిగా నుండవలెను", అదీ నీ క్లాజు 12. ఆమె ఎడమ చెవి సరిగా వినపడదు. ఎందుకు వినపడదో స్టాఫ్ రూమ్‌లో అందరికీ తెలుసు, అయ్యగారికీ తెలుసు. ఆ మొగుడు ఆదివారం ముందు వరుసలో కూర్చుని కీర్తనలు పాడుతున్నాడు, సంఘం కమిటీలో ఉన్నాడు. అతనికి క్లాజులు లేవు, ఎందుకంటే అతను టీచరు కాదు. పదో తరగతి పరీక్షలు ఇంకో నెల ఉండగా ఆమెను గేటు బయట పెట్టారు. పిల్లలకు కారణం చెప్పలేదు. పిల్లలకు తెలియకుండా ఉంటుందా? నన్ను వెళ్ళి ఆమె పాఠాలు చెప్పమన్నారు. లెక్కల టీచరు ఛందస్సు చెప్పింది. గురువు, లఘువు. ఎవరు గురువో, ఎవరు లఘువో ఆ వారం నాకు బాగా అర్థమైంది.

నువ్వు మా ఊళ్ళో పుట్టినవాడివి కాదనీ శనివారం రాత్రి ఫోన్లో చూస్తుంటేనే తెలిసింది. 1982లో ఐర్లండులో న్యూ రాస్ అనే ఊళ్ళో, సిస్టర్లు నడిపే బళ్ళో ఒక టీచరు, భార్యకు దూరమైన మనిషితో కాపురం చేసి బిడ్డను కన్నదని తీసేశారు. 1985లో అక్కడి హైకోర్టు సిస్టర్లదే ఒప్పంది. ఆ దేశం 2015లో చట్టం సవరించి నీలాంటివాళ్ళకు కాస్త ముక్కుతాడు వేసింది. మా అక్క వాళ్ళుండే న్యూజెర్సీలో 2014లో ఒక క్యాథలిక్ బడి, పెళ్ళి కాకుండా గర్భవతి అయిందని టీచరును పంపేసింది. 2023లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు బడి పక్షమే. అక్కకు ఫోన్ చేసి చెబితే, "అక్కడ కూడానా" అంది. నేను అనాల్సిన మాట తను అంది. ఇన్ని దేశాలు తిరిగావు, ఎక్కడా మగవాడి గుమ్మం తొక్కినట్టు లేదు.

కోపం వచ్చేసింది. నీళ్ళు తాగి వచ్చాను. మళ్ళీ మీరు అంటాను.

మీ మీద నాకింత ఉక్రోషం ఎందుకంటే, ఇలాంటి బడులంటే నాకు పరాయివి కావండీ. 1842లో ఫాదర్ హేయర్ అనే మిషనరీ గుంటూరు వచ్చి మిషను బడులు మొదలుపెట్టకపోతే మా వంశంలో పలక పట్టేవాళ్ళు ఎప్పటికి తేలేవారో. మా నాయనమ్మకు ఊరి బడి అరుగు ఎక్కే యోగం లేదు. చెట్టు కింద మిషను బళ్ళో కూర్చుని అక్షరాలు దిద్దింది. ఆమెకు చదువు చెప్పిన టీచరమ్మ చేత ఎవరైనా 23 క్లాజుల మీద సంతకం పెట్టించారో లేదో నాకు తెలియదు. నాయనమ్మ చచ్చిపోయేదాకా ఆమె పేరు చెప్పుకుని ఏడ్చేది, ఆమె ఏ జాకెట్టు వేసుకునేదో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. అందుకే ఊళ్ళో మరో నాలుగు బడులు పిలిచినా నేను ఇక్కడే పడి ఉన్నాను. ఈ మాట మాత్రం అయ్యగారికి చెప్పకండి, ఇంక్రిమెంట్ ఆపేస్తారు.

ఇంతకీ ఉత్తరం రాయడానికి కారణం, ఈ నెల కవరు. దాని మీద నాలుగు గీతలుంటాయి. పేరు, సంఘం, మొత్తం, ప్రార్థనాంశం. ఇన్నేళ్ళూ ఆఖరి గీత మీద "పిల్లల చదువులు" అని రాసి ఇచ్చేదాన్ని. సోమవారం స్టాఫ్ ప్రార్థనలో క్లర్కు గారు కవర్లన్నీ ముందేసుకుని ప్రార్థనాంశాలు పైకి చదువుతారు, అందరం కళ్ళు మూసుకుని ఆమెన్ అంటాం.

ఈసారి మీ క్లాజు 2 ఒకటికి రెండుసార్లు చదువుకుని, ఆఖరి గీత మీద ఉన్నదున్నట్టు రాశాను: "ఇందులోని 12,500 నా మార్చి నెల జీతం. తిరిగి వచ్చేలా ప్రార్థించగలరు."

కవరు అంటించేశాను. రేపే సోమవారం.

ఇట్లు,
రిజిస్టరులో 28,000 తీసుకుంటున్న
మీ లెక్కల టీచరు

తా.క.: పెళ్ళి వీడియో తీసేయలేదు. అయ్యగారికి నాలుగోసారి చూడాలనిపిస్తే అడగమనండి, పంపుతాను.