రికవరీ సీడీలు లేకపోతే ల్యాప్‌టాప్ పని అయిపోయినట్టేనా?

అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, అమీర్‌పేట కోచింగ్ పిల్లల గ్రూపుల్లో ఒక వాట్సాప్ ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. అందులో నాలుగు మాటలున్నాయి. రికవరీ సీడీలు (విండోస్ మళ్లీ వేసుకోవడానికి కంపెనీ ఇచ్చేవి) పోతే ల్యాప్‌టాప్‌ను ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌కి, అంటే కొన్ననాటి స్థితికి తేవడం కుదరదట. ఫార్మాట్ చేస్తే ఒరిజినల్ విండోస్ లైసెన్స్ పోతుందట, మళ్లీ కొనాలట. మదర్‌బోర్డు మీదుండే సీమాస్ అనే చిన్న బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెడితే అంతా కొత్తదానిలా అవుతుందట. ఒకసారి రీసెట్ చేశాక పాత డేటా ఎవరికీ దొరకదు కాబట్టి ధైర్యంగా అమ్ముకోవచ్చట. పది మందికి పంపమని చివర్లో ఎలాగూ ఉంటుంది.

మొదటి రెండూ ఊరికే భయపెట్టే మాటలు. నాలుగోది మాత్రం భయపడాల్సిన చోట ధైర్యం చెబుతోంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ముందు సీడీల సంగతి. చాలా కంపెనీలు సీడీలు ఇవ్వడం ఎప్పుడో మానేశాయి. వాటి బదులు హార్డ్ డిస్క్‌లోనే కొంత భాగాన్ని కనపడకుండా పక్కన పెట్టి, విండోస్‌నీ డ్రైవర్లనీ (వైఫై, సౌండ్ లాంటివి పనిచేయడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) అందులో దాచి అమ్మేవి. కొత్తగా కొన్నప్పుడు 'రికవరీ డీవీడీలు రాసి పెట్టుకోండి' అని స్క్రీన్ మీద అడిగేది, మనం తర్వాత చూద్దాంలే అని మూసేసేవాళ్లం. ఆ డీవీడీల్లోకి ఎక్కేది ఈ దాచిన భాగమే. నకలు లేకపోయినా అసలు లోపలే ఉంటుంది.

పాత మోడళ్లలో పవర్ బటన్ నొక్కిన వెంటనే ఒక కీ నొక్కితే అది బయటికొస్తుంది. హెచ్‌పీలో ఎఫ్11, ఆసుస్‌లో ఎఫ్9, ఏసర్‌లో ఆల్ట్ పట్టుకుని ఎఫ్10, తోషిబాలో సున్నా. చాలా లెనోవో మోడళ్లలో పక్కన పిన్నుతో నొక్కాల్సిన చిన్న బటన్ ఉంటుంది. ఏసర్‌లో స్పందన లేకపోతే బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్ స్క్రీన్) వెళ్లి డీ2డీ రికవరీ, అంటే దాచిన భాగం నుంచి రికవరీ, ఆన్‌లో ఉందో లేదో చూడండి.

2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఈ కీల గొడవ కూడా తగ్గింది, రీసెట్ విండోస్‌లోనే ఉంది. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ అని వెళ్తే 'రీసెట్ దిస్ పీసీ' కనిపిస్తుంది. పాస్‌వర్డ్ మర్చిపోయి లోపలికే వెళ్లలేకపోతే లాగిన్ స్క్రీన్ మీదే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి, ట్రబుల్‌షూట్ కింద అదే ఆప్షన్ వస్తుంది. లోపలి ఫైళ్లు పాడైనా 2020 నుంచి క్లౌడ్ డౌన్‌లోడ్ ఉంది. దానికి నాలుగు జీబీ పైన డేటా అవుతుంది కాబట్టి హాస్టల్ వైఫైతో కాస్త ఓపిక పట్టాలి. ఏది చేసినా చార్జర్ పెట్టే ఉంచండి.

ఫార్వర్డ్‌లో కాస్త నిజం ఉందంటే ఒక్క సందర్భంలోనే. ఎప్పుడో హార్డ్ డిస్క్ తీసేసి దాని బదులు వేగమైన ఎస్ఎస్‌డీ వేయించి ఉంటే, దాచిన ఆ భాగం పాత డిస్క్‌తోనే పోయి ఉండొచ్చు. అప్పుడు కూడా సీడీ అక్కర్లేదు. 8 జీబీ పెన్‌డ్రైవ్, దాని మీదికి విండోస్ ఎక్కించడానికి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్, ఇంకో కంప్యూటర్ ఉంటే చాలు. కంపెనీ వాళ్ల సొంత సాఫ్ట్‌వేర్ తిరిగి రాదు (రాకపోతేనే హాయి). డ్రైవర్లు తక్కువైతే సీరియల్ నంబర్ కొట్టి కంపెనీ సైట్‌లో దింపుకోవచ్చు.

ఇక లైసెన్స్. విండోస్ 8తో గానీ ఆ తర్వాతవాటితో గానీ వచ్చిన బ్రాండెడ్ ల్యాప్‌టాప్‌ల కీ మామూలుగా మదర్‌బోర్డులోనే రాసి ఉంటుంది. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు విండోస్ దాన్ని తనే చదువుకుంటుంది. పాత విండోస్ నుంచి 10కి మారినవాటికైతే ఆ హార్డ్‌వేర్ పేరిట మైక్రోసాఫ్ట్ దగ్గర డిజిటల్ లైసెన్స్ ఉంటుంది. ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా అది పోదు, మదర్‌బోర్డు మారిస్తేనే ఇబ్బంది. చిక్కు ఇంకోచోట వస్తుంది. హోమ్ ఎడిషన్‌తో వచ్చిన మెషిన్‌లో ఎవరైనా ప్రో వేస్తే లోపలి కీ దానికి సరిపోదు. యాక్టివేట్ కాలేదని అప్పుడు లైసెన్స్ లేకుండా నడిపించే ఏదో క్రాక్ వాడతారు. డబ్బిచ్చి కొన్న ఒరిజినల్ చేతిలో ఉండగా దొంగ కాపీ, దానితోపాటు ఏ వైరస్ వస్తుందో! షాపులో ఇస్తే 'భయ్యా, ఏ ఎడిషన్ వేస్తున్నారు?' అని అడగండి.

సీమాస్ బ్యాటరీ తీస్తే పోయేది బయోస్‌లోని తేదీ, బూట్ వరుస లాంటి సెట్టింగ్స్. విండోస్‌కీ దానికీ సంబంధం లేదు.

ఇప్పుడు డేటా. 'రిమూవ్ ఎవ్రీథింగ్' నొక్కి ఊరుకుంటే ఫైళ్లు కనపడకుండా పోతాయి గానీ, హార్డ్ డిస్క్ మీద చాలావరకు అలాగే ఉంటాయి. ఉచితంగా దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్‌తోనే వాటిని పైకి తీయొచ్చు. అమ్మే ముందు 'చేంజ్ సెట్టింగ్స్'లోకి వెళ్లి 'క్లీన్ డేటా' ఆన్ చేయాలి. పెద్ద హార్డ్ డిస్క్ అయితే గంటలు పడుతుంది, పట్టనివ్వండి. ఇంకొకటుంది. మన దగ్గర సీ, డీ అని రెండు డ్రైవ్‌లు చేసి ఫొటోలు, ఆధార్ స్కాన్‌లు, పాన్ కార్డు అన్నీ డీలో పడేయడం అలవాటు. రీసెట్ విండోస్ ఉన్న డ్రైవ్‌కేనా, అన్నింటికీనా అన్నది కూడా మనమే ఎంచుకోవాలి. చూడకుండా మొదటిదే ఉంచేస్తే డీలోని ఆధార్ కొన్నవాడి చేతికి వెళ్తుంది.

కొత్త ల్యాప్‌టాప్‌లైతే, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన చాలావాటిలో డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేకుండా చదవలేనట్టు తాళం పడి ఉంటుంది. రీసెట్ మధ్యలో ఆ తాళం తీసే 48 అంకెల బిట్‌లాకర్ కీ అడిగితే టెన్షన్ పడొద్దు, ఫోన్‌లో అదే అకౌంట్ తెరిస్తే దొరుకుతుంది. మొదలుపెట్టే ముందే రాసి పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఇన్ని చేసినా రీసెట్ ప్రతిసారీ ఒకే శాతం దగ్గర ఆగిపోతుంటే, డిస్క్ టిక్కుటిక్కుమంటుంటే అది హార్డ్‌వేర్ జబ్బు. అప్పుడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకో, మీకు నమ్మకమున్న మరో చోటికో వెళ్లి ఎస్ఎస్‌డీ వేయించుకోండి. తీసిన పాత డిస్క్‌ను మాత్రం అడిగి ఇంటికి తెచ్చుకోండి.