పిల్లలు రాస్తే వికీ పాడవుతుందా? ఆ మెసేజ్‌కు నా జవాబు

విజయవాడ, గుంటూరు కాలేజీల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ‘వికీపీడియాలో ఎవరైనా ఏదైనా రాసేయొచ్చు. అందరికీ తెలిసిన సంగతికి ఆధారం అక్కర్లేదు, మన ఊరి గొప్ప మనమే రాసుకోవాలి. తెలుగులో మూలాలు ఎలాగూ దొరకవు. ఇంగ్లీషు వ్యాసాన్ని మెషీన్‌తో తెలుగు చేసి పెట్టేస్తే మార్కులు వస్తాయి’ అని దాని సారాంశం. విద్యార్థులకు తెవికీలో, అంటే తెలుగు వికీపీడియాలో, రాయడం నేర్పేవాళ్లలో నేనూ ఉన్నాను. ఇది నమ్మి రాసిన పిల్లల వ్యాసాలు తొలగింపుకు వెళ్తున్నాయి, ఆ పిల్లలు మళ్లీ ఇటు రావడం లేదు. అందుకే ఒక్కో మాటే తీసుకుంటున్నాను.

ఎవరైనా రాయొచ్చన్నది నిజం. ఏదైనా రాయొచ్చన్నది అబద్ధం. ఎవరు ఏ మార్పు ఎప్పుడు చేశారో పేజీ చరిత్రలో ఉండిపోతుంది. ఆధారం లేని వాక్యం పక్కన ఆధారం చూపమన్న గుర్తు పడుతుంది, లేదా వాక్యమే పోతుంది. ముందు ప్రయోగశాలలో, అంటే సాధన కోసం వికీలో ఉండే సొంత పేజీలో, రాసి అనుభవజ్ఞులకు చూపించుకుంటే చాలా టెన్షన్ తగ్గుతుంది.

‘అందరికీ తెలిసిందే’ అన్నచోటే తప్పులు దొర్లుతాయి. గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోకెల్లా పెద్దదని ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. దేన్నిబట్టి పెద్దది? విస్తీర్ణమా, వచ్చే బస్తాలా, ఏడాది వ్యాపారమా? ఏ సంవత్సరం లెక్క? జవాబిచ్చే మూలం ఉంటే పేర్కొని రాయాలి. లేకపోతే ఆ మాట ఎవరు అన్నారో వాళ్ల పేరుతో చెప్పాలి. గుంటూరు సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉందన్న వాక్యానికి ఆ ఇబ్బంది లేదు, ఎవరైనా సరిచూసుకోవచ్చు.

తటస్థంగా రాయడమంటే ఊరి మీద ప్రేమ వదులుకోవడం అనుకోకండి. ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు తపస్సు చేసి పాశుపతాస్త్రం పొందాడన్న కథను తీసేయమని ఎవరూ అనరు. ‘స్థలపురాణం ప్రకారం’ అని మొదలుపెడితే చాలు. ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయిందన్నది నేరుగా రాయొచ్చు. ‘మహోన్నత’, ‘సుప్రసిద్ధ’ లాంటి విశేషణాలు మాత్రం కొట్టేయండి.

తెలుగులో మూలాలు దొరకవట! నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ మాటే. 1914లో గ్రంథాలయోద్యమ నాయకుడు అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది బెజవాడ రామమోహన గ్రంథాలయంలో. పటమటలో సర్వోత్తమ గ్రంథాలయం ఉంది, గుంటూరులో అన్నమయ్య గ్రంథాలయం ఉంది. మూలమంటే లింకే కానక్కర్లేదు. అచ్చు పుస్తకమైతే రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం ఇవ్వండి, పేజీ నంబరు మరీ ముఖ్యం. జనాభా కావాలంటే 2011 జనగణన ఉంది. కాలేజీ సొంత వెబ్‌సైటు, నాయకుడి అభినందన సంచిక లాంటివి తేదీల వరకు పనికొస్తాయి, వాళ్ల గొప్పతనానికి సాక్ష్యం కావు. తాతయ్య చెప్పిన సంగతి నిజమే అయినా, నమ్మదగిన ప్రచురణలో వచ్చేదాకా వికీలో పెట్టలేం. ఇది పిల్లలకు కష్టంగానే ఉంటుంది. ఆయన మాటలు రికార్డు చేసి, వ్యాసంగా పత్రికకు పంపమని నేను చెబుతుంటాను.

మెషీన్ సంగతి. అనువాదం తప్పేమీ కాదు, చదివి దిద్దకుండా పెట్టేయడమే తప్పు. 2009 తర్వాత గూగుల్ అనువాద ప్రాజెక్టు కింద తెవికీలో చేరిన వ్యాసాల కృతక భాష చాలాకాలం తలనొప్పి అయింది. పైగా ఇంగ్లీషు వ్యాసంలోని మూలాన్ని తెరిచి చదవకపోతే, అక్కడి తప్పే ఇక్కడికీ వస్తుంది. పత్రికల వార్తను ఉన్నదున్నట్టు దించడమైతే కాపీరైటు ఉల్లంఘనే.

మార్కులు వేసే అధ్యాపకులకు ఒక మనవి. ఎన్ని బైట్లు చేర్చారని లెక్కపెట్టకండి. ఒక మొలక వ్యాసానికి, అంటే నాలుగు వాక్యాలు కూడా లేని చిన్న వ్యాసానికి, రెండు మంచి మూలాలు వెతికి చేర్చిన విద్యార్థికి ఎక్కువ వేయండి. వ్యాసం గురించి మాట్లాడుకునే చర్చ పేజీలో ఎదురైన ప్రశ్నకు ఆ అబ్బాయి, ఆ అమ్మాయి ఏం జవాబిచ్చారో కూడా చదివి మార్కులు వేయండి.