సవరణ: ఫోన్ నంబరు ప్రైమరీ కీగా వద్దు

పర్లాకిమిడిలో ఎరువుల కొట్టుకి ఖాతాల యాప్ కట్టే ముందు టేబుళ్లు ఎలా గీసుకోవాలో పోయిన వారం రాశాను. అందులో రైతు ఫోన్ నంబరునే ప్రైమరీ కీగా, అంటే టేబుల్లో ఒక్కో రైతునీ విడిగా గుర్తుపట్టే గడిగా, పెట్టమన్నాను. అది తప్పు. అలా మొదలుపెట్టినవాళ్లు ఉంటే దయచేసి ఇప్పుడే మార్చుకోండి.

మా వైపు పల్లెల్లో ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ ఉన్న కుటుంబాలున్నాయి. అన్నదమ్ములిద్దరి అప్పూ ఒకే ఖాతాలో కలిసిపోతుంది. సిమ్ మారిస్తే ఇంకా కష్టం: అదే నంబరు అమ్మకాల టేబుల్లో, జమల టేబుల్లో కూడా కూర్చుని ఉంటుంది కదా, అన్నిచోట్లా మార్చాలి. పైగా వాడకం ఆగిన నంబరును కంపెనీలు కొన్నాళ్లకి వేరేవాళ్లకి ఇచ్చేస్తాయి. ఏ అర్థమూ లేని వరుస సంఖ్యను కీగా ఉంచి, ఫోన్లకు విడిగా టేబుల్ పెట్టండి.

ఇంకోటి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో, అక్షరాలను బైట్లుగా దాచే పాత పద్ధతి యూటీఎఫ్8లో తెలుగు, ఒడియా పేర్లు పట్టవన్నాను. పడతాయి. ఈ రెండు లిపుల్లో ఒక్కో కోడ్‌కి (అంటే అక్షరంలోని ఒక్కో ముక్కకి) 3 బైట్లే. పట్టనివి 4 బైట్ల ఎమోజీల్లాంటివి. అయినా ఆ 4 బైట్లవీ పట్టే యూటీఎఫ్8ఎంబీ4 పెట్టమన్న మాట మాత్రం మార్చను. పేరు గడి కాస్త పొడుగ్గా ఉంచండి: 'స్త్రీ' మనకి ఒక్క అక్షరం, డేటాబేస్ లెక్కలో 6 కోడ్‌లు.